సోలార్ ప్యానెల్ పూతకు పేటెంట్ తీసుకోవాలా, గుట్టుగా ఉంచుకోవాలా?

అనంత_సోలార్
మాది అనంతపురం వైపు. సోలార్ ప్యానెళ్ళు కడగడం, మరమ్మతులు చూడటం మా పని. ఇక్కడి దుమ్ము సంగతి ఈ పనిలో ఉన్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున మంచు పడి దుమ్ము తడుస్తుంది, ఎండెక్కేసరికి అద్దానికి అట్ట కట్టేస్తుంది. ముఖ్యంగా ప్యానెల్ కింది అంచులో, ఫ్రేము దగ్గర వేలెడు వెడల్పున బురద పట్టీ మిగిలిపోతుంది. బోరు నీళ్ళతో కడిగితే దుమ్ము పోయి తెల్లటి ఉప్పు మరకలు తేలతాయి.

మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. సిలికా సోల్‌లో (ద్రవంలో తేలే అతి సన్నటి సిలికా రేణువులు) ఇంకో రెండు పదార్థాలు కలిపి ఒక పూత చేశాడు. మా షెడ్డు మీద ఒక వరుసకి వేసి, పక్క వరుసని అలాగే వదిలేశాం. పూత వేసిన చోట బురద పట్టడం బాగా తగ్గింది, కళ్ళకే తెలుస్తోంది.

ఇక్కడే టెన్షన్ మొదలైంది. ఒక పెద్ద పార్టీ శాంపిల్ పంపమంటోంది. ఒక కన్సల్టెంటు "గ్యారంటీగా పేటెంట్ ఇప్పిస్తా, 90 వేలు ఇవ్వండి" అంటున్నాడు. తమ్ముడేమో యూట్యూబ్‌లో వీడియో పెడితే ఆర్డర్లు వాటంతట అవే వస్తాయంటాడు. మా మామయ్య మాట వేరే: పేటెంట్ అంటే మన గుట్టు మనమే ఊరికి చాటడం, నోరు మెదపకుండా అమ్ముకోండి అంటాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

బోరునీళ్ళు
వీడియో మాత్రం పెట్టొద్దు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

పేటెంట్_పద్మ
బోరునీళ్ళు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను పేటెంట్ ఏజెంటుగా పనిచేస్తున్నాను, రోజూ చూసేదే ఇది. దరఖాస్తు వేసే రోజుకి ఆ విషయం లోకానికి కొత్తదై ఉండాలి. మీరే వీడియో పెట్టినా, కరపత్రం పంచినా, తయారీ విధానం బయటపెట్టినా ఆ కొత్తదనం పోయినట్టే. మన చట్టంలో 12 నెలల వెసులుబాటు ఒకటి ఉంది కానీ అది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకి, విద్వత్ సంఘాల ముందు చదివిన పత్రాలకి, అలాంటి కొద్ది సందర్భాలకే. యూట్యూబ్ అందులోకి రాదు.

రెండోది, గ్యారంటీ. పేటెంట్ ఇచ్చేది పరీక్షాధికారి పరిశీలించాక పేటెంట్ ఆఫీసులోని కంట్రోలర్. ఏజెంటు చేయగలిగింది బాగా రాసి బాగా వాదించడం వరకే. గ్యారంటీ అన్న మాట వినపడగానే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మూడోది, ఖర్చు. వ్యక్తులకి, స్టార్టప్‌లకి, చిన్న సంస్థలకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. పరీక్ష కోరుతూ వేసే ఫారం 18కి 4,000. మిగతాదంతా రాసిపెట్టే మనిషికి ఇచ్చే ఫీజు. అది దండగ అనను, బాగా రాయడం నిజంగా కష్టమైన పని. కానీ 90 వేలలో ప్రభుత్వానికి వెళ్ళేది ఎంతో మీకు తెలియాలి కదా.

ఇప్పుడు చేయాల్సింది ప్రొవిజనల్ దరఖాస్తు. అది వేసిన రోజు నుంచి మీ తేదీ ఖాయమవుతుంది, పూర్తి వివరాలతో కంప్లీట్ స్పెసిఫికేషన్ వేయడానికి 12 నెలల గడువు ఉంటుంది. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై పేటెంట్ ఆఫీసే. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, అంతా ఆన్‌లైనే.

రాత్రిడ్యూటీ
90 వేల కన్సల్టెంటుకి ఈ లింకు పంపండి అన్నా, కాస్త తగ్గిస్తాడేమో.

కెమిస్ట్రీ_మాస్టారు
పేటెంట్ సంగతి పద్మ గారు చూసుకుంటారు. నాకు పూత గురించే కొన్ని సందేహాలున్నాయి.

ఇప్పుడొచ్చే సోలార్ అద్దం మీద ఫ్యాక్టరీలోనే ఒక పలుచని పొర ఉంటుంది, వెలుగు వెనక్కి కొట్టకుండా. అది సన్నటి రంధ్రాలున్న సిలికా, మందం సుమారు 100 నుంచి 150 నానోమీటర్లు. దాని వల్ల లోపలికి వెళ్ళే వెలుగు 2, 3 శాతం పెరుగుతుంది. మీ పూత ఆ రంధ్రాల్లోకి దిగి పూడ్చేస్తే దుమ్ము తగ్గిన లాభం ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో పోతుంది. కంటికి ప్యానెల్ తళతళలాడుతుంది, మీటరు మాత్రం వేరే మాట చెబుతుంది.

కాబట్టి బురద తగ్గిందా అన్నది ఒక్కటే చూడకండి. పూత వేసిన రోజున, శుభ్రంగా ఉన్నప్పుడు, రెండు వరుసల కరెంటూ వోల్టేజీ కొలిచారా?

ఇంకోటి, మీ పూత నీటిని తోసేదా, పరిచేదా? చుక్క వేస్తే గుండ్రంగా నిలబడి జారుతుందా, పలచగా పాకుతుందా? ఈ రెండూ వేర్వేరు దారులు, పేటెంట్ల చరిత్రలు కూడా వేరు.

అనంత_సోలార్
మాస్టారూ, క్లాంప్ మీటరుతో కరెంటు చూశాం, పెద్ద తేడా కనపడలేదు. పూత వేసిన మొదటి రోజు లెక్క మాత్రం రాసి పెట్టలేదు. చుక్క గుండ్రంగానే నిలబడుతుంది, కాస్త వంచితే దొర్లిపోతుంది.

చెరువుగట్టు
అంటే తామరాకు మీద నీటిబొట్టు. ఇది మన తాతల కాలం నుంచీ అందరికీ తెలిసిందేగా. వేమన నాటికే తెలిసిన దానికి పేటెంటేంటి? రేపు చెరువులో తామరపూలు కోసుకునేవాళ్ళని కూడా రాయల్టీ కట్టమంటారేమో.

కెమిస్ట్రీ_మాస్టారు
చెరువుగట్టు గారూ, మీరడిగింది మంచి ప్రశ్న, ఈ తామరాకు మీద నిజంగానే పేటెంట్ కథ ఒకటి ఉంది.

జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రవేత్త ఉన్నారు. వేల రకాల ఆకుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. మైక్రోస్కోపులో పెట్టేముందు ఆకుల్ని కడుక్కోవాలి. నున్నగా ఉన్న ఆకులకి దుమ్ము పట్టి ఉంటే, గరుకుగా ఉన్నవి, అందులోనూ తామరాకు, ఎప్పుడు చూసినా శుభ్రంగా ఉండేవి. నున్నటిది శుభ్రంగా ఉంటుందని అందరం అనుకుంటాం, అక్కడ కనపడింది దానికి తలకిందులు. ఆకు మీద సన్నటి బుడిపెలు, వాటి మీద ఇంకా సన్నటి మైనపు నూగు. నీటిచుక్క ఆ బుడిపెల కొనల మీదే నిలబడుతుంది, కింద గాలి ఉంటుంది. దొర్లేటప్పుడు దుమ్ము రేణువులు చుక్కకి అంటుకుని పోతాయి. దీని మీద ఆయన, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ కలిసి రాసిన పత్రం 1997లో వచ్చింది. పేటెంట్ దరఖాస్తు అంతకుముందే పడింది.

ఇక్కడ గమనించండి. తామరాకు నీటిని తోస్తుందన్న సంగతి మీద ఆయనకి హక్కు రాలేదు, ఎవరికీ రాదు. మనిషి తయారు చేసిన ఉపరితలం మీద బుడిపెల మధ్య దూరం 5 నుంచి 200 మైక్రాన్లు, ఎత్తు 5 నుంచి 100 మైక్రాన్లు ఉండాలి, ఆ బుడిపెలు నీటిని తోసే పదార్థంతో ఉండాలి, కడిగితే ఊడిపోకూడదు. ఇలాంటి ఉపరితలం మీద హక్కు వచ్చింది. దాని మీదే 1999లో జర్మనీలో గోడ రంగు కూడా అమ్మకానికి వచ్చింది. ఆ పేటెంట్ 20 ఏళ్ళ గడువు ఎప్పుడో తీరిపోయింది, ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు.

చెరువుగట్టు
ఇది బాగుంది మాస్టారూ. పసుపు గొడవలో కూడా ఇదేగా జరిగింది?

పేటెంట్_పద్మ
దాదాపు. పుండు మాన్పడానికి పసుపు వాడటం మీద అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు, మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి సవాలు చేస్తే 1997లో రద్దు చేశారు. అక్కడ కొత్తగా చేసిందేమీ లేదు, మన వంటింటి వాడకమే. తామరాకు సంగతి అది కాదు, కొలతలతో సహా మనిషి చేసిన వస్తువు ఉంది. మన చట్టం సెక్షన్ 3(సి) కూడా ప్రకృతిలో ఉన్నదాన్ని కనిపెట్టినంత మాత్రాన పేటెంట్ ఇవ్వొద్దనే చెబుతుంది.

అనంత గారికి ఇక్కడ అసలు పని ఉంది. పేటెంట్‌లో చివరన ఉండే క్లెయిములు పొలానికి సర్వే రాళ్ళ లాంటివి. "దుమ్ము పట్టని పూత" అని రాస్తే ఊరి పొలమంతా నాదే అన్నట్టు ఉంటుంది, పరీక్షాధికారి ఒప్పుకోరు, ముందే వేరేవాళ్ళ రాళ్ళు పాతి ఉన్నాయి. మీ తమ్ముడు కలిపిన ఆ "ఇంకో రెండు" ఏమిటి, ఏ పాళ్ళలో, ఎంత వేడిలో ఆరబెట్టారు, దాని వల్ల వేరేవాళ్ళకి రాని ఫలితం ఏమొచ్చింది, మీ పొలం అంతే. ఆ రెండూ ఏమిటో ఇక్కడ రాయకండి!

సెక్షన్ 3(ఇ) కూడా గుర్తుంచుకోండి. ఉన్న పదార్థాల్ని ఊరికే కలిపితే, ఎవరి గుణం వాళ్ళదిగా ఉండిపోతే, దానికి పేటెంట్ రాదు. కలిపినందువల్ల విడివిడిగా రాని గుణం పుట్టిందని లెక్కలతో చూపించాలి. కాబట్టి మాస్టారు అడిగిన కొలతలు మీ అమ్మకానికే కాదు, మీ దరఖాస్తుకీ ప్రాణం. సిలికా ఒక్కటే వేసిన గాజు, మొదటిది కలిపింది, రెండోది కలిపింది, రెండూ కలిపింది, ఏ పూతా లేనిది, అన్నీ పక్కపక్కన పెట్టి కొలవండి.

బాలానగర్_భాస్కర్
నేను అనంత వాళ్ళ మామయ్య పక్షం. బాలానగర్‌లో ప్లేటింగు, పూతల పని చేస్తాను. పేటెంట్ వేస్తే 18 నెలల తర్వాత అంతా ప్రచురిస్తారు. ఎవడైనా చదువుకుని ఏదో మూల షెడ్డులో చేసుకుంటాడు. వాణ్ణి పట్టుకోవాలంటే కోర్టు, కోర్టంటే ఏళ్ళు, లాయర్లు. చిన్నవాడికి అది అయ్యే పనేనా? చేతిలో పనితనం ఉంటే నోరు మూసుకుని సర్వీసు అమ్ముకోవడమే మేలు. మీరు పూత డబ్బా అమ్మకండి, మీ మనుషులే వెళ్ళి వేసి రావాలి.

ఓర్వకల్లు_మెయింటెనెన్స్
భాస్కర్ గారి మాట వినడానికి బాగుంది కానీ పెద్ద ప్లాంటులో నడవదు. కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే 1,000 మెగావాట్లు. లక్షల ప్యానెళ్ళ మీద ఏదో తెలియని మందు పూయడానికి ఎవరూ ఒప్పుకోరు. ప్యానెల్ కంపెనీ వారంటీ పోతుందేమోనని భయం. పూతలో ఏముందో, ఏ పరీక్షలు నిలబడిందో కాగితం మీద అడుగుతారు. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1,000 గంటల పరీక్ష ప్యానెళ్ళకి మామూలుగా ఉంటుంది, పూతకి కూడా అదే అడుగుతారు. పైగా బ్రష్షుతో రుద్దితే ఎన్నాళ్ళు నిలుస్తుంది అని అడుగుతారు. ఇవన్నీ బయటపెట్టాక గుట్టెక్కడ?

బాలానగర్_భాస్కర్
ఏముందో చెప్పొచ్చు, ఎలా చేశామో చెప్పక్కర్లేదు. తేడా ఉంది.

కెమిస్ట్రీ_మాస్టారు
భాస్కర్ గారు అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. అద్దం మీది పూతని ల్యాబుకి పంపితే ఏ మూలకాలున్నాయో, ఎంత మందమో చెప్పేస్తారు, అది దాగదు. సోల్ ఎంతసేపు నానింది, ఏ పీహెచ్‌లో (ఆమ్లత ఎంత ఉన్నప్పుడు) ఆపారు, ఎలా ఆరబెట్టారు, అవి చూసి చెప్పడం కష్టం. దాగేది దాచుకోవడం, దాగనిదానికి పేటెంట్ తీసుకోవడం, పరిశ్రమలో చాలామంది చేసేది ఇదే.

పేటెంట్_పద్మ
మాస్టారూ, చిన్న హెచ్చరిక. పేటెంట్ వేసేటప్పుడు ఆ పని తెలిసిన మనిషి చదివి చేయగలిగేలా రాయాలి, మీకు తెలిసిన మేలైన పద్ధతి కూడా చెప్పాలి. కీలకమైన మెట్టు దాచేసి హక్కు మాత్రం అడిగితే అదే కారణంతో కొట్టేయొచ్చు. క్లెయిము చేయని వేరే విషయాన్ని, ఉదాహరణకి పెద్ద డ్రమ్ములో కలపడంలోని మెళకువల్ని, మీ దగ్గరే ఉంచుకోవచ్చు.

భాస్కర్ గారూ, గుట్టు విషయంలో నాదొక ప్రశ్న. మీ దగ్గర పనిచేసే కుర్రాడు రేపు మానేసి వెళ్తే?

బాలానగర్_భాస్కర్
జరిగింది మేడమ్. మా దగ్గర నేర్చుకున్నతను రెండు వీధులవతల షాపు పెట్టాడు. మా కస్టమర్లలో కొందరు అటు వెళ్ళారు. ఏం చేయగలను? చేతికి వచ్చిన పని ఎవరూ లాక్కోలేరు. అయినా నా మాట మార్చను. చిన్నవాడికి కోర్టు ఖర్చు భరించే శక్తి లేనప్పుడు పేటెంట్ గోడకి వేలాడే కాగితమే.

సెల్_సైన్స్
భాస్కర్ అన్నా, కోర్టుకి వెళ్ళడానికే పేటెంట్ అనుకోకండి. నేను బ్యాటరీ సెల్స్ వైపు పనిచేస్తాను, మా రంగంలో పూతే మొత్తం కథని మార్చిన సంగతి ఒకటి చెబుతాను.

ఇప్పుడు ఎలక్ట్రిక్ ఆటోల్లో, బస్సుల్లో, సోలార్ స్టోరేజీలో ఎక్కడ చూసినా లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అదే ఎల్ఎఫ్‌పీ. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ దగ్గర పనిచేసిన అక్షయ పాఢి, నంజుండస్వామి, గుడినఫ్ కలిసి 1997లో పత్రం ప్రచురించారు. పేటెంట్ విశ్వవిద్యాలయం పేరు మీద ఉంది. ఇనుము చవక, ఫాస్ఫేటు చవక, మంటల భయం తక్కువ. ఒకటే లోపం, దాని గుండా ఎలక్ట్రాన్లు సరిగా నడవవు. కరెంటు గట్టిగా లాగితే నీరసించిపోతుంది.

అప్పుడు మిషెల్ ఆర్మాండ్ బృందం ప్రతి రేణువుకీ పలుచగా కార్బన్ పూత వేసింది. అంతే, పనికిరాదనుకున్న పొడి పనిలోకి వచ్చింది. దాని మీద వేరే పేటెంట్లు వచ్చాయి. అంటే అసలు పదార్థం ఒకరిది, దాని మీది పూత ఇంకొకరిది, తయారు చేసేవాడు ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకోవాలి.

ఇక తగాదాలు చూడండి. గుడినఫ్ ల్యాబుకి జపాన్ కంపెనీ ఎన్‌టీటీ నుంచి ఒక పరిశోధకుడు వచ్చి పనిచేశాడు, తర్వాత ఆ కంపెనీ జపాన్‌లో ఇలాంటి పదార్థం మీదే పేటెంట్ వేసింది. విశ్వవిద్యాలయం 2001లో కేసు పెడితే 2008లో ఎన్‌టీటీ 3 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. కెనడా సంస్థ హైడ్రో క్వెబెక్‌కీ అమెరికా కంపెనీ ఏ123కీ నడిచిన కేసు 2011లో ముగిసింది. ఈలోగా చైనా కంపెనీలు సొంత మార్కెట్లో తయారీ పెంచుకుంటూ పోయాయి. 2022 నాటికి ముఖ్యమైన పేటెంట్ల గడువు చాలావరకు తీరింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఎల్ఎఫ్‌పీ ఎలా పాకిందో చూస్తూనే ఉన్నాం.

రాత్రిడ్యూటీ
మరి గడువు తీరిపోయాక ఫ్రీయే కదా? మన మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోని అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి విదేశీ లైసెన్సు ఎందుకు?

సెల్_సైన్స్
మంచి ప్రశ్న. అమరరాజా 2024లో చైనా బ్యాటరీ కంపెనీ గోషన్ గ్రూపు సంస్థతో ఎల్ఎఫ్‌పీ టెక్నాలజీ లైసెన్సు ఒప్పందం చేసుకుంది. పాత పేటెంట్ చదివితే పదార్థం చేయడం వస్తుంది. లక్షల సెల్స్ ఒకేలా రావాలంటే పూత యంత్రం వేగం, ఆరబెట్టే పద్ధతి, తేమ ఎంత ఉండాలి, తుక్కు ఎలా తగ్గించాలి, ఇవి పేటెంట్లో ఉండవు. లైసెన్సు డబ్బు ఎక్కువగా ఆ చేతిపనికే. భాస్కర్ అన్న చెప్పే గుట్టుకి ఇంత విలువ ఉంది, కాదనను. కానీ ఆ ఒప్పందాలు బల్ల మీదకి రావాలంటే చేతిలో పేటెంట్ కాగితం కూడా ఉండాలి. రెండూ కావాలి.

బాలానగర్_భాస్కర్
ఇది ఒప్పుకుంటాను.

ఓర్వకల్లు_మెయింటెనెన్స్
పూతల దగ్గరికి వస్తాను. మాకు ఏడాదిలో ఎక్కువ నెలలు వానే ఉండదు. తామరాకు పద్ధతికి చుక్క దొర్లాలి, చుక్కే లేకపోతే దుమ్ము ఎలా పోతుంది? గాజు మీద నీరు పలచగా పరుచుకునే రకం మేలని ఒకాయన చెప్పాడు.

కెమిస్ట్రీ_మాస్టారు
అది టైటానియం డయాక్సైడు దారి. జపాన్‌లో ఫుజిషిమా, హోండా 1972లో దాని మీద వెలుగు పడితే నీరు విడిపోతుందని చూపించారు. తర్వాత 1997లో ఫుజిషిమాతో పాటు టోటో కంపెనీవాళ్ళు కలిసి రాసిన పత్రంలో, అతినీలలోహిత కిరణాలు పడితే ఆ పూత మీద చుక్క నిలబడకుండా పొరలా పరుచుకుంటుందని బయటపెట్టారు. జిడ్డుని నెమ్మదిగా విరగ్గొడుతుంది, వాన పడితే దుమ్ము కింద నీరు దూరి తోసుకుపోతుంది. కిటికీ అద్దాల కోసం పిల్కింగ్టన్ లాంటి కంపెనీలు దీన్ని అమ్మకానికి పెట్టాయి. కానీ దీనికీ నీరు కావాలి. మట్టి, ఇసుక జిడ్డు కాదు, అవి విరగవు.

నీరే వద్దనుకుంటే మూడో దారి విద్యుత్తు. అద్దం మీద సన్నటి ఎలక్ట్రోడ్లు పరిచి వోల్టేజీ మారుస్తూ పోతే దుమ్ము ఎగిరి పక్కకి జరుగుతుంది. టోక్యో విశ్వవిద్యాలయంలో మసుదా 1970లలోనే దీని మీద పనిచేశారు. నాసా చంద్రుడి దుమ్ము కోసం అభివృద్ధి చేసి 2025 మార్చిలో బ్లూ ఘోస్ట్ ల్యాండర్ మీద చంద్రుడి పైనే నడిపి చూసింది. ఎంఐటీలో కృప వారణాసి బృందం 2022లో ప్యానెల్‌ని తాకకుండా పైన ఎలక్ట్రోడు కదిపి దుమ్ము దులిపే పద్ధతి చూపించింది. అయితే పొడి దుమ్ము వేరు, అనంత చెప్పిన అట్టకట్టిన బురద వేరు.

అనంత_సోలార్
అందుకే మాస్టారూ, మేం దుమ్ము పోగొట్టాలని మొదలుపెట్టలేదు. మంచుకి తడిసినా గట్టిపడకుండా ఉంటే చాలు, పొడి బ్రష్షుతోనే పోతుంది, ట్యాంకరు ఖర్చు తప్పుతుంది అన్నది మా ఆలోచన. పూత వేసిన వరుసని ఇప్పుడు మేం నీళ్ళు లేకుండానే తుడుస్తున్నాం. కింది అంచు పట్టీ కూడా బ్రష్షుకే వచ్చేస్తోంది.

పేటెంట్_పద్మ
అనంత గారూ, ఈ మాట మొదటి పోస్టులోనే ఉండాల్సింది! "దుమ్ము పట్టని పూత" అన్నదానికీ "మంచుకి తడిసి ఆరినా అట్టకట్టని, నీళ్ళు లేకుండా తుడవగలిగే పూత" అన్నదానికీ చాలా దూరం. మొదటిది కిక్కిరిసిపోయిన రంగం. రెండోదాంట్లో మీ పరిస్థితికి తగిన సమస్య ఉంది, దానికి కొలవగలిగే ఫలితం ఉంది. ముందే ఎవరైనా చేశారేమో వెతకాలి, అది తప్పదు. మన పేటెంట్ ఆఫీసు సైటులో ఇన్‌పాస్, యూరప్ వాళ్ళ ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్, అన్నీ ఉచితమే. సోలార్, సిమెంటేషన్ (దుమ్ము అట్టకట్టడం), సాయిలింగ్ (మురికి పట్టడం) లాంటి మాటలతో ఒక వారం కూర్చుని వెతకండి. వెతికేటప్పుడు విదేశీ పేటెంట్ కనపడగానే హడలిపోవద్దు. అది భారతదేశంలో వేయకపోతే ఇక్కడ తయారు చేసి అమ్ముకోవడానికి అడ్డం కాదు. మీ దరఖాస్తుకి మాత్రం అడ్డమే, ఎందుకంటే కొత్తదనం లోకం మొత్తానికీ చూస్తారు.

కెమిస్ట్రీ_మాస్టారు
టెఫ్లాన్ పెనం కథ కూడా ఇలాంటిదే. ఆ పదార్థాన్ని రాయ్ ప్లంకెట్ 1938లో డ్యూపాంట్‌లో అనుకోకుండా కనిపెట్టాడు, 1941లో పేటెంట్ వచ్చింది. దేనికీ అంటుకోని పదార్థాన్ని పెనానికి అంటించడమెలా అన్నది మిగిలిపోయింది. ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ అల్యూమినియాన్ని యాసిడ్‌తో గరుకు చేసి, ఆ గుంటల్లోకి దాన్ని దించి కరిగించి పట్టించాడు. ఆ మెట్టు మీద 1954లో పేటెంట్ వేశాడు, టెఫాల్ కంపెనీ దాని మీదే పుట్టింది. పదార్థం అతనిది కాదు, పట్టించే మెట్టు అతనిది.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఉంది. ఉపరితల పూతలు వాళ్ళ ముఖ్యమైన పనుల్లో ఒకటి, సోలార్ ప్యానెళ్ళు సులువుగా శుభ్రమయ్యే పూతల మీద కూడా పనిచేశారు. అనంత ముందు వాళ్ళ ప్రచురణలు, పేటెంట్లు చదవాలి. తన పూతకి దగ్గరగా ఉండేవి అక్కడే దొరకొచ్చు. పరీక్షలకి ఎవరి దగ్గరికి వెళ్ళినా గోప్యత ఒప్పందం మీద సంతకం అయ్యాకే గాజు ముక్క ఇవ్వండి.

అనంత_సోలార్
మరి ఆ పెద్ద పార్టీకి శాంపిల్ పంపమంటారా? రోజూ ఫోన్ చేస్తున్నారు.

పేటెంట్_పద్మ
ప్రొవిజనల్ వేసి నంబరు వచ్చాక పంపండి. అదీ గోప్యత ఒప్పందంతో. పూసిన గాజు ముక్క ఇవ్వండి, ద్రవం సీసా వద్దు. "పేటెంట్ దరఖాస్తు పెండింగ్" అని రాసుకోవచ్చు. "పేటెంటెడ్" అని మాత్రం రాయకండి, పేటెంట్ రాకుండా అలా చెప్పుకుంటే సెక్షన్ 120 కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది.

స్టార్టప్‌గా గుర్తింపు తెచ్చుకుంటే ప్రభుత్వ పథకంలో దరఖాస్తు రాసిపెట్టే ఫెసిలిటేటర్ ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది, త్వరగా పరీక్ష కోరే ఫారం 18ఏ కూడా వేసుకోవచ్చు. మామూలు పరీక్షకైతే ఫారం 18 వేసే గడువుని 2024 నిబంధనల్లో 48 నెలల నుంచి 31 నెలలకి తగ్గించారు. పాత బ్లాగులు చదివి 48 అనుకుని కూర్చోకండి.

శాన్‌హోసే_వాణి
మొత్తం చదివాను. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అనంత గారూ, మీ తమ్ముడు ఎక్కడైనా ఉద్యోగం చేస్తున్నాడా?

అనంత_సోలార్
చేస్తున్నాడు మేడమ్, జడ్చర్ల వైపు ఒక ఫార్మా కంపెనీలో. ఈ పూత పని సెలవుల్లో, ఇంటి దగ్గరే చేశాడు. ఎందుకు అడిగారు?

శాన్‌హోసే_వాణి
నేను ఎల్ఈడీల రంగంలో ఉన్నాను, అందుకే నకమురా గుర్తొచ్చాడు. జపాన్‌లో నిచియా అనే కంపెనీలో షుజి నకమురా నీలి ఎల్ఈడీ మీద పనిచేశాడు. ఆ ఎల్ఈడీకి కావాల్సిన గాలియం నైట్రైడ్ పొర బాగా పెరగాలంటే వాయువుని రెండు దిశల నుంచి పంపాలని కనిపెట్టాడు. ఆ పేటెంట్ కంపెనీదైంది, అతనికి ఇచ్చిన బోనస్ 20,000 యెన్‌లు. ఉద్యోగం మానేశాక కేసు వేస్తే 2004 జనవరిలో టోక్యో కోర్టు 2,000 కోట్ల యెన్‌లు ఇమ్మంది. అప్పీల్లో చివరికి 2005లో సుమారు 84 కోట్ల యెన్‌లకి రాజీ పడ్డారు. 2014లో అకసాకి, అమానోలతో కలిసి అతనికి నోబెల్ వచ్చింది. ఆ కేసు తర్వాత జపాన్ చట్టం మారింది, కంపెనీ ముందే నిబంధన పెట్టుకుంటే హక్కు మొదటినుంచీ కంపెనీదే అయ్యేలా 2016 నుంచి అమల్లోకి వచ్చింది.

లిథియం బ్యాటరీలో గుడినఫ్‌ది ఇంకా బాధాకరం. ఆయన చేసిన కోబాల్ట్ ఆక్సైడు క్యాథోడు (బ్యాటరీలో ప్లస్ వైపు ఎలక్ట్రోడు) మీద పేటెంట్ వేయడానికి ఆక్స్‌ఫర్డ్ ముందుకు రాలేదు, హార్వెల్‌లోని అణు పరిశోధనా సంస్థ హక్కులు రాయించుకుని వేసింది. సోనీ 1991లో ఆ రకం బ్యాటరీలు మార్కెట్లోకి తెచ్చింది, ఆయనకి రాయల్టీ రాలేదు. కనిపెట్టినవాడికీ కాగితం మీద యజమానికీ మధ్య ఏముందో ముందే తేల్చుకోకపోతే ఇలాగే అవుతుంది.

సెల్_సైన్స్
అయినా ఆయన 97 ఏళ్ళ వయసులో నోబెల్ అందుకుని ఇంకా కొత్త బ్యాటరీ గురించే మాట్లాడారు. ఆ మనిషంటే నాకు అపారమైన గౌరవం.

పేటెంట్_పద్మ
వాణి గారు సరైన చోట పట్టుకున్నారు. మన పేటెంట్ చట్టంలో ఉద్యోగి కనిపెట్టినదాని గురించి ప్రత్యేకంగా సెక్షన్ లేదు, అందుకని ఉద్యోగ ఒప్పందంలో ఏం రాసుందో అదే ముఖ్యమవుతుంది. కొన్ని కంపెనీలు "ఉద్యోగ కాలంలో నువ్వు కనిపెట్టినదంతా మాదే" అని రాసుకుంటాయి, కొన్ని తమ వ్యాపారానికి సంబంధించినదే అని రాస్తాయి. అనంత గారూ, తమ్ముడి నియామక పత్రం, దానితో పాటు సంతకం పెట్టిన కాగితాలన్నీ తీసి చదవండి. కంపెనీ ల్యాబు పరికరం, రసాయనం, ఈమెయిలు ఏదైనా వాడాడా అని కూడా అడగండి.

అనంత_సోలార్
ఇప్పుడే ఫోన్ చేశాను. ఒప్పందంలో "కంపెనీ వ్యాపారానికి సంబంధించిన ఆవిష్కరణలు" అని ఉందట. ల్యాబువేవీ వాడలేదు, సోల్ మేమే కొన్నాం, బిల్లులు నా పేరు మీదే ఉన్నాయి. అయితే దరఖాస్తు నా పేరు మీద వేయొచ్చా? డబ్బు పెట్టింది నేనే.

పేటెంట్_పద్మ
మందుల కంపెనీకీ సోలార్ పూతకీ సంబంధం లేదని చెప్పే బలం మీకుంది, ఆ బిల్లులు జాగ్రత్త. అయినా ఒప్పందం కాగితాన్ని ఒక లాయరుకి చూపించండి, ఫోన్లో విన్న ఒక్క వాక్యం మీద ఆధారపడొద్దు.

పేర్ల సంగతి: కనిపెట్టినవాడి స్థానంలో తమ్ముడి పేరే ఉండాలి. డబ్బు పెట్టినంత మాత్రాన మీరు ఇన్వెంటర్ కారు. నీళ్ళు లేకుండా తుడవాలన్న లక్ష్యం మీదే అయినా, ఆ పూత ఎలా చేయాలో మీరు చెప్పి ఉంటేనే ఆ పేరు. దరఖాస్తుదారుగా మాత్రం మీరిద్దరూ ఉండొచ్చు, తమ్ముడు తన హక్కులో వాటా మీకు రాసిస్తూ సంతకం పెడితే చాలు. ఎవరి వాటా ఎంత, లైసెన్సు ఇవ్వాలంటే ఇద్దరి సంతకం కావాలా, ఏటా కట్టే రుసుము ఎవరు కడతారు, ఇవి కూడా అదే కాగితం మీద రాసుకోండి. అన్నదమ్ములమే కదా అని వదిలేయకండి.

బాలానగర్_భాస్కర్
అనంత తమ్ముడూ, ఇంకో మాట. మీరు సిలికా ఒక్కటే వేసిన గాజు ముక్కలు చేయించుకోవాలంటే మా షాపులో ముంచి తీసే యంత్రం, ఓవెన్ ఉన్నాయి. మీ కలిపే మందు మీరే తెచ్చుకుని మీ చేత్తో చేసుకోండి, నేను గదిలోకి కూడా రాను. ముందు ఆ ప్రొవిజనల్ వేసి రండి.

అనంత_సోలార్
తప్పకుండా అన్నా. తమ్ముడు ఆదివారం వస్తున్నాడు. మొదట వాటాల కాగితం, తర్వాత దరఖాస్తు. పద్మ గారూ, ప్రొవిజనల్‌లో పాళ్ళు కచ్చితంగా ఒక అంకె రాయాలా, ఇంత నుంచి ఇంత అని రాయొచ్చా?

పేటెంట్_పద్మ
ఇంత నుంచి ఇంత అని రాయండి, కానీ ఆ హద్దుల్లో రెండు మూడు చోట్ల నిజంగా చేసి చూసిన ఉదాహరణలు కూడా ఇవ్వండి. చేయని హద్దు దాకా చాపితే తర్వాత నిలబెట్టుకోలేరు. ప్రొవిజనల్‌లో లేనిది పూర్తి దరఖాస్తులో చేరిస్తే ఆ భాగానికి పాత తేదీ దక్కదు, కాబట్టి క్లుప్తంగా సరిపెట్టకుండా ఇప్పటిదాకా చేసిందంతా రాయండి.